తిరుగు సీలు

సనత్‌నగర్ డిపోలో పొద్దున తొమ్మిదికే రేకు కాలుతోంది.
పోశెట్టి కట్టర్‌తో సీలు నొక్కాడు,
టక్కుమంది.
సముద్రం లేని ఊళ్లోకి
సముద్రపు వాసన దిగింది,
దాని వెనకే ఇంకో వాసన.

కాగితం మీద: 'వాడిన ప్రింటర్లు, మళ్లీ వాడదగినవి,
పన్నెండు టన్నుల నాలుగు వందల కిలోలు.'
లోపల పగిలిన తెరలు, పీకేసిన తీగలు,
ఎండలో మరిచిపోయిన పాల ప్యాకెట్లలా
ఉబ్బిన బ్యాటరీలు.
ఒక కీబోర్డు మీద ఏ దేశపు పిల్ల అతికించిందో
ఎర్ర చేప బొమ్మ,
తోక దగ్గర చిరిగింది.

ఖదీర్ భాయ్ దిగుమతిదారు తరఫు మనిషి, చెడ్డవాడు కాదు.
మజ్జిగ ప్యాకెట్ మూల కొరికి చేతిలో పెట్టాడు.
"పదింట్లో ఒకటి నడిచినా సరుకే కదా మేడమ్."
ఒకదానికి ప్లగ్గు పెట్టి చూశాను.
అది దగ్గను కూడా దగ్గలేదు.

నియమం నాకు తెలుసు, పేరా సంఖ్యతో సహా.
నియమం కంటే ముందు తెలిసినవి
కాటేదాన్‌లో మా మేనమామ ఈదయ్య చేతులు.
గిన్నెలో యాసిడ్, యాసిడ్‌లో పచ్చరేకులు,
రాత్రంతా ఉడికితే అడుగున
ఆవగింజంత బంగారం.
నా ఇంటర్ ఫీజు ఆ ఆవగింజే.
అన్నం కలుపుతుంటే
వేడి తెలిసేది కాదు ఆయన వేళ్లకు.
నేను ఈ ఉద్యోగంలో చేరిన వారమే
రేషన్ దుకాణంలో వేలిముద్రల మిషన్
ఆయన్ని గుర్తుపట్టలేదు,
మూడుసార్లు.

అందుకే రాశాను:
'అనుమతి లేదు. వచ్చిన చోటికే వాపసు.
ఖర్చు దిగుమతిదారుదే.'
కింది కాపీలో కూడా పడేలా
ఒత్తి సంతకం పెట్టాను.

తలెత్తితే పక్క వరసలో ఎగుమతి.
నీలం డ్రమ్ములు, మందుల పొడి.
కొనేవాళ్లు పంపిన ప్రశ్నలు అరవై పేజీలు:
చెక్కకు పురుగు పట్టలేదని పత్రం ఉందా,
అట్టపెట్టె ఏ అడవిది,
లారీ ఎంత పొగ వదిలింది.
అన్నిటికీ టిక్కులు.
పొడి కడిగిన నీళ్లు ఎటుపోయాయని
ఏ గడిలోనూ అడగలేదు.
నన్నడిగితే చెప్పేదాన్ని.
బొల్లారం దాటాక ఒక వాగుంది,
వాన పడ్డ రాత్రి రంగు మారుతుంది.
గేదెలు మూతి పెట్టి వెనక్కి తిరుగుతాయి,
పాపం, వాటికి పత్రాలు చదవడం రాదు.
పొడి శుభ్రంగా ఓడ ఎక్కుతుంది.
నీళ్లు ఇక్కడే పడుంటాయి
పెళ్లివారు వెళ్లిపోయాక
విస్తళ్లలా.

నా దగ్గరున్న పుస్తకంలో
ప్రతిదానికీ ఎనిమిదంకెల సంఖ్య ఉంది,
పంది వెంట్రుకకు ఉంది, చిరుగు గుడ్డకు ఉంది.
వాగుకు లేదు.
సంఖ్య లేనిదాన్ని ఏ గేటు దగ్గర ఆపను?
డ్రమ్ములు వెళ్లాయి.
ఆ సంతకమూ నాదే.

సాయంత్రం కొత్త సీలు బిగిస్తూ పోశెట్టి అడిగాడు:
"గిదంతా యాడికి పోతది మేడమ్?"
"వచ్చిన కాడికే."
"ఆళ్లు తీస్కుంటరా?"

నాకు తెలిసి
ఇలా పంపినవాటిలో ఇల్లు చేరినవి తక్కువ.
దారిలో కాగితం పేరు మార్చుకుంటుంది,
చట్టం ఇంకా నిద్రలేవని రేవొకటి
రాత్రిపూట తలుపు తీస్తుంది.
అక్కడా ఒక గిన్నె ఉంటుంది.
ఫీజు కట్టాల్సిన పిల్ల ఉంటుంది.

అదేమీ అనలేదు.
సీలు సంఖ్య చదవమన్నాను.
అతను చదివాడు, నేను రాసుకున్నాను.
చివరి అంకె దగ్గర ఆగాడు:
"మూడో ఎనిమిదో, మసక మసక గుంది."

వంగి వేలితో రుద్దాను.
అంకె తేలలేదు,
వేలు నల్లబడింది.